కనుమలు దాటి వచ్చిన ఉప్పు

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు బంగాళాఖాతం పటం తయారుచేస్తున్నావని, సముద్రంలో కొట్టుకుపోతూ నీటిని కొలిచే యంత్రాలు, ఆర్గో ఫ్లోట్లు, పంపిన కొలతలన్నిటినీ అక్షాంశ రేఖాంశాల ఒక డిగ్రీ గళ్లలోకి సర్దబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. “సముద్రం లేని తిరుపతిలో కూర్చుని సముద్రం పటమేమిటక్కా?” అని దానికి బెంగ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీహరికోట తీరం తిరుపతి జిల్లాలోకే వచ్చిందని గుర్తుచేశాను. ఆ మాట అనాలంటే చిత్తూరులో ఉన్న నన్ను అనాలి. ఇక్కడినుంచే వెళ్లి జీవితమంతా ఉప్పునీటి అంకెలతో గడిపాను కదా!

నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. గర్వం తగ్గేలోపే భయం మొదలైంది. మాటల్లో చెబితే “అలాగే పెద్దమ్మా” అని ఊరుకుంటావు. అందుకే రాస్తున్నాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ప్రతి కొలత పక్కన నాణ్యతను చెప్పే అంకె ఉంటుంది. 1 అంటే మంచిది, 4 అంటే చెడ్డది. చెడ్డవాటిని మొహమాటం లేకుండా తీసెయ్యి. లవణీయతకు, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలతకు, దిద్దిన విలువలే వాడు, ఏళ్లు గడిచేకొద్దీ సెన్సర్ దారి తప్పుతుంది. ఒకే ప్రొఫైల్‌ను, అంటే ఫ్లోటు ఒకసారి పైకి వస్తూ తీసిన కొలతల వరుసను, రెండు చోట్లనుంచి దించుకుని రెండుసార్లు లెక్కపెట్టకు. అసలు ఫైలును ముట్టుకోకుండా నకలు మీద పనిచెయ్యి. ఇవన్నీ మీ మాస్టారు చెప్పే ఉంటారు.

గళ్ల సంగతి మాత్రం కాస్త ఆగి ఆలోచించు. ఫ్లోటు 1000 మీటర్ల లోతున ప్రవాహంతో కొట్టుకుపోతూ, సుమారు 10 రోజులకోసారి 2000 మీటర్లదాకా దిగి, పైకి వస్తూ వేడిని, ఉప్పును కొలిచి ఉపగ్రహానికి పంపుతుంది. లోకమంతా కలిపి సుమారు 4000 ఉన్నాయి. 3 డిగ్రీలకు ఒకటి ఉండాలన్నది మొదట వేసుకున్న లెక్క. వాకిట్లో ముగ్గుకు చుక్కలు మనమే వరుసగా పెట్టుకుంటాం, ఇక్కడ చుక్క ఎక్కడ పడాలో నీరు నిర్ణయిస్తుంది. 3 డిగ్రీలంటే 330 కిలోమీటర్లు. బంగాళాఖాతంలో సుడులు చాలావరకు అంతకంటే చిన్నవి, రెండు ఫ్లోట్ల మధ్యనుంచి జారిపోతాయి. నువ్వు గళ్లను పావు డిగ్రీకి కుదిస్తే పటం నునుపుగా వస్తుందే తప్ప జారిపోయిన సుడి తిరిగి రాదు. చూసేవాళ్లు మాత్రం ఆ నునుపును చూసి నమ్ముతారు.

ఇక అసలు విషయం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కార్యాలయంలో ఒక పెద్దాయన ఉండేవారు. మా అందరికంటే జాగ్రత్త గల మనిషి, పెన్సిలుతో రాసిన అంకెను కూడా రెండోసారి సరిచూసుకునేవారు. ఆయన నవంబరు నెలకు సముద్ర ఉపరితలపు లవణీయత పటం వేశారు. పద్ధతి క్రెస్‌మన్ అనే అమెరికా వాతావరణ శాస్త్రవేత్తది, 1959లో వాతావరణ పటాల కోసం పుట్టినది. ప్రతి గడికీ ఒక వ్యాసార్ధం గీసి, అందులో పడిన కొలతలను దగ్గరవాటికి ఎక్కువ బరువు, దూరపువాటికి తక్కువ బరువు ఇచ్చి కలపాలి. తరువాత వ్యాసార్ధం తగ్గించి మళ్లీ దిద్దాలి. అలా రెండు మూడు విడతలు. ఆయన మొదటి విడతకు 900 కిలోమీటర్లు పెట్టుకున్నారు.

నవంబరు తుపానుల కాలం. బంగాళాఖాతంలోకి ఓడలు పోవడానికి జంకుతాయి కాబట్టి నెల్లూరు ఎదుట ఆయనకు కొలతలే లేవు. అరేబియా సముద్రంలో బోలెడు ఉన్నాయి. మన తిరుపతి అక్షాంశం దగ్గర, మంగళూరునుంచి చెన్నైదాకా, దేశం వెడల్పు 600 కిలోమీటర్లు కూడా లేదు. ఇంకేముంది, నెల్లూరు ఎదుటి గడి కొలతల కోసం వెతుక్కుంటూ పడమటి కనుమలు దాటి వెళ్లి అరేబియా ఉప్పును మోసుకొచ్చింది! తరువాతి విడతల్లో వ్యాసార్ధం తగ్గింది కానీ ఆ చిన్న వృత్తంలో దిద్దడానికి ఒక్క కొలతా లేదు. మొదటి విడతలో వచ్చిన ఉప్పు అలాగే కూర్చుండిపోయింది.

దీన్ని కప్పిపెట్టినది మరొకటి ఉంది. ప్రోగ్రాము నేల మీద కూడా లెక్క కట్టింది, అచ్చు వేసేటప్పుడు మాత్రం నేలకు తెల్లరంగు పూశారు. ఆ తెలుపు కింద తిరుమల కొండకూ ఒక లవణీయత ఉంది తల్లీ! రంగు పూయకపోయి ఉంటే ఉప్పు నడిచివచ్చిన దారి మంగళూరునుంచి మన తీరందాకా కనబడేది.

పటం ఎంత అందంగా ఉందంటే గోడకు కూడా తగిలించాం. కొన్నాళ్లకు వేరే గదిలో పనిచేసే ఒకరు దాని ఆధారంగా ప్రవాహాలు లెక్కకట్టారు. నైరుతి రుతుపవనం వెళ్లాక గంగా బ్రహ్మపుత్రల మంచినీరు కలిసిన తేలిక నీరు మన తూర్పు తీరం వెంట దక్షిణానికి దిగుతుంది. తేలిక నీరు ఒడ్డున ఉంటే అక్కడ సముద్రమట్టం కాస్త ఎత్తుగా ఉంటుంది, ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. పెద్దాయన పటంలో ఒడ్డున బరువైన ఉప్పునీరు ఉంది కాబట్టి లెక్కలో ప్రవాహం ఉత్తరానికి తిరిగింది. ఆ నెలల్లో నీరు ఎటు లాగుతుందో పులికాట్ జాలరిని అడిగినా చెబుతాడు. మేమెవరమూ అడగలేదు. పెద్దాయన ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. మరునాడు వచ్చి, పటం నకళ్లు ఎవరెవరికి వెళ్లాయో జాబితా తీసి అందరికీ ఒక్కొక్క ఉత్తరం రాశారు. ఆ జాబితా ఉండబట్టే అది కుదిరింది. నువ్వూ ఒకటి పెట్టుకో.

వరల్డ్ ఓషన్ అట్లాస్ అనే ప్రపంచ సముద్రాల పటాల సంపుటి చేసేవాళ్లు కూడా ఒక డిగ్రీ గళ్లకు 892, 669, 446 కిలోమీటర్ల వ్యాసార్ధాలు వాడారు. మొదటిది మన దేశాన్ని సులువుగా దాటుతుంది. కానీ వాళ్లు ఏ గడి ఏ సముద్రానిదో ముందే గుర్తు పెట్టుకుని, నేల అడ్డున్న సముద్రాల కొలతలను ఒకదానినుంచి మరొకదానికి పోనివ్వరు. నువ్వూ నేలను లెక్కలోనే అడ్డం పెట్టు, బొమ్మలో కాదు. లోతు మారితే గోడలూ మారతాయి. పాక్ జలసంధి కొద్ది మీటర్ల లోతే, కాబట్టి 100 మీటర్ల దగ్గర శ్రీలంక మనకు అతుక్కునే ఉన్నట్టు లెక్క. అండమాన్ దీవుల వరుసకు అటూ ఇటూ అడుగునీటి వేడి ఒకటి కాదు. ప్రతి లోతుకూ వేరే అడ్డుగోడ వేసుకో.

పద్ధతి విషయంలో నిన్ను నిర్బంధించను. సోవియట్ వాతావరణ శాస్త్రవేత్త గాండిన్ చూపిన ఆప్టిమమ్ ఇంటర్‌పొలేషన్ అయితే నాకు ఇష్టం, అది ప్రతి గడికీ విలువతో పాటు ఎంత పొరపాటు ఉండవచ్చో కూడా చెబుతుంది. ముందు నెలవారీ సగటు తీసివేసి, మిగిలిన తేడానే గళ్లలోకి పంచు. కొలతలు లేనిచోట పటం సగటుకు వచ్చి ఆగుతుంది, ఎక్కడికో పారిపోదు. సరిచూడటానికి కొన్ని కొలతలు దాచిపెట్టి పరీక్షిస్తావు కదా? విడి ప్రొఫైళ్లు దాచకు, మొత్తం ఫ్లోటును దాచు. ఒక ప్రొఫైల్ దాస్తే అదే ఫ్లోటు 10 రోజుల ముందు పంపిన కొలత పక్కనే ఉండి జవాబు అందిస్తుంది. మార్కులు బాగా వస్తాయి, పటం బాగుపడదు.

నేను ఇంతగా వేధించడానికి కారణం నీకు తెలుసు. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో వరద పారుతుంటే, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయిస్తుంటే, మీ అమ్మ ఫోను కలవక ఒక రాత్రి నేనెలా గడిపానో! ఆ వానకు ఏ పటమూ కారణమని అనడం లేదు. కానీ తుపానుకు బలమిచ్చేది సముద్రం పైపొరల వేడే, ఆ వేడిని అంచనా వేసేవాళ్ల ముందు ఉండేది ఇలాంటి పటమే. వెచ్చని సుడి ఒకటి నీ నునుపులో కరిగిపోతే దాన్ని ఎవరూ మళ్లీ వెతకరు. నీది ప్రాజెక్టే, దానితో ఎవరూ హెచ్చరికలు ఇవ్వరు, నిజమే. అలవాటు మాత్రం ఇప్పుడే పడుతుంది.

రాత్రి రెండింటిదాకా ప్రోగ్రాము నడుస్తుంటే పక్కన కూర్చుని చూస్తావట. అది నీకోసం ఆగదు, నువ్వు చూస్తే తొందరగా పూర్తికాదు, పడుకో. హాస్టల్ భోజనం నచ్చకపోతే చెప్పు, పచ్చడి పంపిస్తాను.

వచ్చే నెల చిత్తూరు వచ్చేటప్పుడు లవణీయత పటంతో పాటు పొరపాటు అంచనాల పటం కూడా అచ్చు వేయించి తీసుకురా. నేలకు రంగు పూయని నకలు ఒకటి విడిగా కావాలి. ముందు అదే చూస్తాను.

ప్రేమతో,
పెద్దమ్మ