సమాధానం: కరణ్ సింగ్ మహారాజా, గవర్నరా?

ఒక పుస్తకంలో మహారాజా, ఇంకోదాంట్లో గవర్నర్ అని ఉంది, నోట్స్‌లో ఏది రాసుకోవాలి అని అడిగారు కదా. టెన్షన్ వద్దండీ, పక్కన సంవత్సరం వేసుకుంటే చిక్కు విడిపోతుంది.

1949లో తండ్రి, జమ్మూ కాశ్మీర్ మహారాజా హరిసింగ్ కాశ్మీర్ వదిలి వెళ్లాక, కరణ్ సింగ్ 18 ఏళ్లకే రీజెంట్ అయ్యారు, అంటే తండ్రి తరఫున రాజప్రతినిధి. 1952లో వంశపారంపర్య రాజరికం రద్దు చేసిన జమ్మూ కాశ్మీర్ రాజ్యాంగ సభే ఆయన్ని సదర్-ఎ-రియాసత్‌గా, అంటే రాష్ట్రాధినేతగా ఎన్నుకుంది. సింహాసనం తీసేసి, ఆ ఇంటి కుర్రాడినే మళ్లీ పైన కూర్చోబెట్టారు! నాకైతే అసలు విశేషం ఇదే. 1965లో ఆ పదవి పేరు గవర్నర్ అయింది, మనిషి ఆయనే.

1967లో ఉధంపూర్ నుంచి లోక్‌సభకు, కేంద్ర మంత్రి కూడా. 1989లో అమెరికాలో మన రాయబారి.

మహారాజా అన్నది 1961లో తండ్రి పోయాక పేరుకు మిగిలిన బిరుదే. ప్రశ్నలో ఏ ఏడాది ఉందో చూసి రాయండి.