పాత పియానో వానాకాలంలో బిగుసుకుపోతోంది, ఇంట్లో మనమే విప్పి బాగుచేసుకోవచ్చా?

తాతగారి నాటి నిలువు పియానో, ముసురు పట్టిందంటే నాలుగైదు కీస్ నొక్కితే పైకి లేవట్లేదు, శ్రుతి కూడా పోయింది, కాకినాడలో చూసేవాళ్లు దొరకట్లేదు, మనమే విప్పొచ్చా అని కదా అడిగారు. విప్పొచ్చండి. సికింద్రాబాద్‌లో మా ఇంట్లో ఉన్నదాన్ని ఏళ్లుగా నేనే చూసుకుంటున్నా. కాకపోతే కీస్ పని వేరు తీగల పని వేరు, మొదటిది ధైర్యంగా చేసేయండి, రెండోదానికి తొందరపడొద్దు.

పై మూత ఎత్తి లోపల రెండు పక్కలా ఉండే చెక్క గొళ్లేలు తిప్పితే ముందు పలక చేతికొచ్చేస్తుంది. పెడల్స్ పైనున్న కింది పలక కూడా తీసి టార్చి వేసి చూడండి, ఎలుక గూడు, పురుగు కొట్టిన ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ), ఎవరో పడేసుకున్న పెన్సిళ్లు, అన్నీ ఉంటాయి. చెదలు కనిపిస్తే మాత్రం మిగతాదంతా ఆపేసి ముందు దాని సంగతి చూడండి.

ఇక ఇరుక్కున్న కీ. గోటితో దాని ముందు చివర పైకెత్తండి. రాసుకుంటూ బరువుగా వస్తే తప్పు కీలోనే ఉంది. తేలిగ్గా వచ్చేసి, హ్యామర్ (తీగని కొట్టే చిన్న సుత్తి) మాత్రం తీగ దగ్గరే నిలబడి బద్ధకంగా వెనక్కి పోతోందంటే పైన మెషీన్‌లో హ్యామర్ తిరిగే సన్నటి పిన్ను బిగుసుకుందన్నమాట, అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని. ఎక్కువసార్లు మొదటిదే అవుతుంది, వానాకాలంలో తలుపులు పట్టేసినట్టే ఇదీ. కీస్ మీది మూత, అడ్డపట్టీ స్క్రూలు విప్పి కీని నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది (చెక్క మీద నంబర్ కొట్టి ఉంటుంది, అయినా ముందు ఒక ఫోటో తీసుకోండి). అడుగున ముందు వైపు ఉన్న గాడికి రెండు పక్కలా ఫెల్ట్ అతికించి ఉంటుంది, ఉబ్బేది అదే. చదునైన ప్లయర్‌తో, బయట వైపు చెక్క మీద గాటు పడకుండా పల్చటి చెక్క ముక్క అడ్డం పెట్టి, ఆ ఫెల్ట్‌ని మెల్లగా నొక్కండి. మధ్యలో ఉన్న గాడికీ అంతే. మళ్లీ పెట్టి చూసి, చాలకపోతే ఇంకోసారి. ఉప్పుకాగితం పెట్టి అరగదీశారో, ఎండాకాలంలో చెక్క కుంచించుకుపోయి టకటకా కొట్టుకుంటుంది.

నూనె, డబ్ల్యూడీ-40 లాంటివి లోపల చుక్క కూడా వద్దు, యూట్యూబ్‌లో ఎవరేం చెప్పినా సరే. ఫెల్ట్ పీల్చేసుకుంటుంది, తర్వాత దుమ్మంతా అక్కడే.

ట్యూనింగ్ సంగతికొస్తే, లోపల 220 పైచిలుకు తీగలు, ఒక్కోటి సుమారు 70 కిలోల లాగుడు మీద ఉంటుంది, అంతా కలిపితే టన్నుల్లోకి పోతుంది. ఏళ్ల తరబడి ముట్టుకోనిది సగం స్వరం దాకా కిందికి దిగి ఉండటం మామూలే, దాన్ని ట్యూనింగ్ యాప్ చూసుకుంటూ ఒక్కసారే 440 హెర్ట్జ్‌కి (అందరూ వాడే ప్రామాణిక శ్రుతికి) లాగితే తుప్పు పట్టిన తీగ ఠప్పుమంటుంది, కంటికి తగిలితే ఇంకేమన్నా ఉందా, కళ్లద్దాలు పెట్టుకోండి. పైగా ఒక్కో స్వరానికి మూడేసి తీగలుంటాయి (కింది స్వరాలకి రెండు, ఒకటి), అసలు గొడవ చాలావరకు ఆ మూడూ ఒకదానితో ఒకటి కలవకపోవడమే. రబ్బరు ముక్కతో ఒకటి మూసి మిగతా రెండూ మోగించండి, వావ్ వావ్ అని అల వినిపిస్తుంది, అది నెమ్మదించి ఆగిపోయేదాకా, ఆ తీగ చుట్టి ఉన్న పిన్నుని ట్యూనింగ్ తాళంతో వెంట్రుకవాసి తిప్పండి. బిగించే ముందు కొంచెం వదులు చేస్తే తుప్పు పట్టు విడుస్తుంది. తిప్పిన పిన్ను వెంటనే వెనక్కి జారిపోతుంటే దాన్ని పట్టుకునే చెక్క వదులైపోయినట్టు, ఇనప ఫ్రేమ్‌కి పగులుంటే అసలు ముట్టుకోవద్దు.

మీది సముద్రపు ఊరు కాబట్టి బయటి గోడకి ఆనించకండి, కిటికీ పక్కన వద్దు, ఏసీ గాలి నేరుగా తగలకూడదు. ముసురు రోజుల్లో ఏసీ డ్రై మోడ్‌లో పెట్టినా చాలు, నా దగ్గర సగం కీస్ దాంతోనే లేచాయి. జరపాలంటే మాత్రం మనుషుల్ని పిలవండి, 200 కిలోల పైనే ఉంటుంది, బరువంతా వెనక్కే.