వంశవృక్షం: చర్చి రిజిస్టర్లే ఆధారం

ప్రశ్న: మా అల్లుడిగారి పూర్వీకులు ఇంగ్లండులోని నార్ఫోక్ పల్లెల్లో వ్యవసాయ కూలీలట. 1837కు ముందు వివరాలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: ప్రభుత్వ జనన మరణాల నమోదు ఆ ఏడాది జులై 1న మొదలైంది కాబట్టి, అంతకు ముందు కాలానికి 1538లో రాజు ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలైన చర్చి రిజిస్టర్లే ప్రధాన ఆధారం, వాటిలో సాధారణంగా ఉండేది పుట్టిన తేదీ కాదు, బాప్తిస్మం తేదీ. ఏ పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతంలో) వెతకాలో తెలియకపోతే, పుట్టిన ఊరు రాసిన 1851 జనగణనను ముందు చూడండి. రిజిస్టరు పాడైపోయినా, బిషప్‌కు ఏటా పంపిన నకళ్లు చాలాచోట్ల మిగిలాయి. ఒక్క జాగ్రత్త: 1752కు ముందు అక్కడ సంవత్సరం మార్చి 25న మారేది, అంటే 1720 ఫిబ్రవరి 1720 జూన్ తర్వాతే వచ్చేది. ఇది మరిచిపోతే, 1720 జూన్‌లో పెళ్లాడిన దంపతుల బిడ్డకు 1720 ఫిబ్రవరిలోనే బాప్తిస్మం జరిగినట్లు కనిపించి, పాపం, వారిని అన్యాయంగా అనుమానిస్తాం.