గంగాళంలో నీళ్ళు పోసే ముందు

పర్లాకిమిడి

చిరంజీవి మేనకోడలికి, అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

వేసవి సెలవులలో బరంపురంలో మీ వీధి పిల్లలకు పాత పత్రికలతో బుట్టలు, బొమ్మలు చేయడం నేర్పబోతున్నావనీ, అందుకోసం బంధువుల ఇళ్ళన్నీ తిరిగి రెండు గోనెసంచుల పత్రికలు పోగుచేశావనీ నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మా అమ్మ చేతిపని నీ చేతికి వచ్చిందని పొంగిపోయాను. కానీ ఆ సంచులలో ఏమున్నాయో చూశావా అని అడిగితే, "అన్నీ చింపేవేగా" అన్నావట. ఆ మాట విన్నాక రాత్రి నిద్ర పట్టలేదు.

కవర్లు చేయడం, పుస్తకాలకు అట్టలు వేయడం నీకు చెప్పనక్కరలేదు. నున్నని రంగుల పేజీలకు తెల్లమట్టి పూత ఉంటుంది కనుక అవి త్వరగా నానవు. వాటిని మూలనుంచి చీపురుపుల్ల చుట్టూ బిగించి చుట్టి, పుల్ల లాగేసి, ఆ గొట్టాలతో బుట్టలు అల్లించు. గరుకు పేజీలను గుజ్జుకు ఉంచు. రెండు రోజులు నానబెట్టి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి, బోర్లించిన కుండకు పలుచగా పట్టించి, నీడలో ఆరనివ్వాలి. జిగురుకు చింతగింజలు చాలు. మన ఒడిశాలో ఆడే గంజపా అనే గుండ్రని పేకముక్కలకు బట్ట పొరలను అతికించేది కూడా ఆ జిగురుతోనే. పురుగు పట్టకుండా పూర్వం మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లల చేతులకు తగలనివ్వకు. మేము ఆ బుట్టలలో బియ్యం పోసుకున్నాం కానీ, అచ్చు సిరా మంచిది కాదు కనుక మీరు తినే వస్తువులు వేయవద్దు.

ఇక నేను చేసిన తప్పు విను. చందమామ 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో మొదలైంది. తరువాత ఒడియాలో జహ్నమాము పేరుతో కూడా వచ్చింది. మేము బడిలో చదివింది ఒడియా, మీ నాయనమ్మకు వచ్చింది తెలుగు ఒక్కటే. మా బడి కాగితాలు తానే చదువుకోవాలని, ఒకే కథ, అవే బొమ్మలు ఉన్న సంచికలు రెండు భాషలలోనూ సంపాదించి, జంటగా పెట్టి పురికొసతో కుట్టుకుంది. ఒడియా అక్షరం కింద తెలుగు అక్షరం సిరాతో రాసుకుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక గడపమీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కునేది. 1979 వేసవిలో, అట్టలు ఊడిపోయిన ఆ కట్టను చూసి చిత్తుకాగితాలనుకుని, విప్పైనా చూడకుండా ముక్కలు చేసి గంగాళంలో వేశాను. మర్నాడు మూత తీస్తే నీళ్ళు నీలంగా ఉన్నాయి. చేయి పెట్టి పైకి తీసిన ముక్క మీద ఒడియా 'క' ఒక్కటే మిగిలింది, దాని కింద రాసినది కరిగిపోయింది. అమ్మ వచ్చి చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. కాసేపు నిలబడి, నానిన మెంతులు తెచ్చి రోటి ముందు కూర్చుంది. ఆ గుజ్జుతో చేసిన బుట్ట నా దగ్గరే ఉంది, అంచున నీలిచార ఇంకా కనబడుతుంది.

అందుకే తల్లీ, కోప్పడ్డాననుకోకు. ప్రతి పత్రికనూ పేజీ పేజీ తిప్పు. అంచులలో చేతిరాత, మధ్యలో దాచిన ఉత్తరం, కుట్టిన కట్ట ఏది కనబడినా పక్కన పెట్టి, ఇచ్చినవారిని అడుగు. రెండు భాషల సంచికలు జంటగా దొరికితే మాత్రం కత్తెర వేయకు. జెరాక్సు తీయించి, ఆ కాపీలను అట్టలకు అతికించి, మన పిల్లలకు బొమ్మను బట్టి రెండు భాషల మాటలూ జతచేసే ఆట తయారుచేయి. బడిలో దొరకని తెలుగు అక్షరాలు వాళ్ళకు అలాగైనా అందుతాయి.

ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. మెంతులు, ఆ బుట్ట నేను తెస్తాను. ఇద్దరం కూర్చుని ఆ రెండు సంచులూ చూసేదాకా గంగాళంలో నీళ్ళు పోయకు.

ఇట్లు,
మీ అత్తయ్య