అచ్చు తప్పిన నాణేలతో అప్పు తీరుతుందా?

ప్రశ్న: నాన్నగారు దాచిన నాణేల పెట్టెలో కొన్నిటి మీద అక్షరాలు రెండుసార్లు పడినట్టున్నాయి. ఒకదాని మీద గీత ఉంది, ఇంకొకదాని అంచు తెగి ఉంది. ఆన్‌లైన్‌లో ఇలాంటివాటికి భారీ ధరలు చెబుతున్నారు. వీటిని అమ్మి అప్పు తీర్చేయవచ్చా?

జవాబు: ఈ పెట్టెను నమ్ముకుని అప్పు లెక్కలు వేసుకోకండి. అమ్మిన డబ్బు చేతికొచ్చేదాకా వాటిని ముఖ విలువకే రాసుకోండి. అలాగని చూడకుండా ఖర్చు పెట్టేయనూ వద్దు.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో మొదట ఆ గీతను చూడండి. నాణెం మీద బొమ్మను కొట్టే అచ్చు పగిలితే లోహం ఆ పగుల్లోకి దూరి నాణెం మీద ఉబ్బుగా తేలుతుంది. గీత లోపలికి ఉంటే అది చాలావరకు తర్వాత గీరుకుపోయినదే. ఉబ్బుగా ఉన్నా ఆశ పెట్టుకోకండి, వాడి వాడి అరిగిన అచ్చులకు సన్న పగుళ్లు మామూలే.

ఎక్కువమంది మోసపోయేది జంట అక్షరాల దగ్గరే. నాణెం కొట్టే క్షణంలో అచ్చు కాస్త కదిలితే అక్షరం పక్కన చదునైన మెట్టులాంటిది ఏర్పడి, అసలు అక్షరం సన్నబడుతుంది. దీనికి దాదాపు విలువ ఉండదు. అచ్చు తయారీలోనే బొమ్మ రెండుసార్లు పడితే మాత్రం రెండో అక్షరం కూడా గుండ్రంగా తేలి, కొనల దగ్గర చీలిక కనిపిస్తుంది. 1955 నాటి అమెరికా ఒక సెంటు నాణేల్లో కొన్ని అలాంటివే. వాటిలో తేదీ, అక్షరాలు భూతద్దం లేకుండానే రెండుగా కనిపిస్తాయి, అందుకే సేకర్తలు వాటి కోసం పోటీ పడతారు. భూతద్దంలో వెతికి పట్టుకోవాల్సిన తేడాకు అంత గిరాకీ ఉండదు.

తెగిన అంచు టంకశాలలోనే వచ్చిందైతే, చాలాసార్లు దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా మసకగా ఉంటుంది. కత్తిరించినదైతే అలా ఉండదు.

ఇక ధర. అమ్మేవాళ్లు అడిగే ధరలు వదిలేయండి. అదే సంవత్సరం, అదే లోపం, అదే స్థితిలో ఉన్న నాణెం వేలంలో నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి. అందులోంచి నాణెం, దాని లోపం అసలైనవేనని తేల్చే ధృవీకరణ ఫీజు, పోస్టు ఖర్చు, కమీషన్ తీసేయండి. చిన్న లోపాల విషయంలో ఆ ఫీజే నాణెం ధరను మించిపోతుంది, కాబట్టి ముందు అనుభవమున్న ఇద్దరు వ్యాపారులకు చూపించండి. శుభ్రం చేయకండి, మెరుగు పెడితే ధర పడిపోతుంది. కొంటామంటూ ముందే రిజిస్ట్రేషన్ ఫీజు అడిగేవాళ్లకు ఒక్క పైసా కట్టకండి.

వాయిదాలు జీతంలోంచే కట్టండి. నాణేల మీద ఏమైనా వస్తే, ముందస్తు చెల్లింపు రుసుము లేదని చూసుకుని అసలుకు జమ చేయండి.