జైలుకి వెళ్లొచ్చినా మళ్లీ అదే దొంగతనం ఎందుకు?

"ఒకసారి జైలుకి వెళ్లొచ్చినవాడు మళ్లీ అదే పని ఎందుకు చేస్తాడు, భయం ఉండదా?" అని అడిగారు. పదకొండేళ్లుగా మేజిస్ట్రేట్ కోర్టులో లీగల్ ఎయిడ్ కేసులు చూస్తున్నాను. హంతకుల సంగతి నాకంతగా తెలీదు. నా దగ్గరికొచ్చేది ఎక్కువగా బైకు దొంగలు, జేబుదొంగలు.

భయం ఉంటుంది. దొరికిపోతామని భయం, శిక్ష పడుతుందని కాదు. ఐదు కేసులున్న ఒకతన్ని ములాఖత్‌లో "ఈసారైనా బుద్ధొచ్చిందా?" అంటే, "వచ్చింది సార్, బండి తెలిసినోనికి అమ్మొద్దు" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే చెప్పాడు.

"బండి పోయినాయనకు ఇన్సూరెన్స్ వస్తది కద సార్" అన్నదీ అతనే. తప్పని తెలుసు కాబట్టే ఆ మాట కావాలి. ఇలా తమకు తాము సర్దిచెప్పుకోవడాన్ని 1957లోనే సైక్స్, మాట్జా అనే అమెరికా సోషియాలజిస్టులు 'న్యూట్రలైజేషన్' అన్నారు. "అందరూ తింటున్నారుగా" అనే లంచగొండిదీ ఇదే జబ్బు. కాకపోతే అతని మీద పోలీసులు సస్పెక్ట్ షీట్, అంటే అనుమానితుల మీద నిఘాకి పెట్టే ఫైలు, తెరవరు.

ఒకసారి తప్పు చేసినవాళ్లంతా ఇలా తయారవరు. ఫిలడెల్ఫియాలో పెరిగిన, 1945లో పుట్టిన దాదాపు 10 వేల మంది మగపిల్లల పోలీసు రికార్డులు తిరగేస్తే, సగానికి పైగా నేరాలు 627 మందివేనని 1972లో వోల్ఫ్‌గాంగ్ బృందం తేల్చింది. నా ఫైళ్లలోనూ అవే పేర్లు తిరుగుతుంటాయి.

ఆ ఐదు కేసులతను బెయిల్ వచ్చాక మా ఆఫీసుకొచ్చాడు. తలుపు తీసే ఉంది. అయినా ఎవరో రమ్మనేదాకా పావుగంట బయటే నిలబడ్డాడు. టిఫిన్‌కి తీసుకెళ్లి ఇడ్లీనా దోశా అంటే తేల్చుకోలేక "ఏదైనా సరే సార్" అన్నాడు. లోపల లేవడం, తినడం, పడుకోవడం అన్నీ వేళకి ఇంకొకరు చెబితే జరిగేవి. బయట గది వెతుక్కోవాలి, అడ్డా మీద కూలికి నిలబడాలి, ఇంటికెళ్తే అన్న మొహం తిప్పుకుంటాడు. తడబడకుండా చేయగలిగింది ఒక్కటే, హ్యాండిల్ లాక్ విరవడం. అరనిమిషం చాలట. ఆ మాట చెప్పేటప్పుడే నా కళ్లలోకి చూశాడు.

దానికి తోడు ఒక కేసులో బెయిల్ వచ్చేసరికి ఇంకో స్టేషన్ పీటీ వారెంట్ (జైల్లో ఉన్నవాణ్ణి వేరే కేసులో కోర్టుకి తీసుకెళ్లే ఉత్తర్వు) సిద్ధంగా ఉంటుంది. ఆ కేసుల్లో కొన్ని తను చేయనివే అంటాడు. నేను సగం నమ్ముతాను.

కిందటి వానాకాలం మళ్లీ దొరికాడు. బెయిల్ పిటిషన్ మీద సంతకం పెట్టమంటే పెన్ను పక్కన పెట్టాడు. "తొందరేం లేదు సార్, వానలు తగ్గినంక వేద్దాం."