సికింద్రాబాద్ చర్చిల చరిత్ర రాయబోతున్న మా అమ్మాయికి

తల్లీ,

సికింద్రాబాద్, హైదరాబాద్‌ల పాత చర్చిల చరిత్ర రాస్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పగానే ఎంత సంతోషమేసిందో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫాదర్ గారినైనా పాస్టర్ గారినైనా ముందుగా అడిగి వెళ్ళు, పర్మిషన్ లెటర్ దగ్గర పెట్టుకో. అంతే.

అసలు భయం వేరే. మా సంఘంలో ఒకప్పుడు జూబిలీ సావనీర్ (వార్షికోత్సవ సంచిక) వేశారు. గోడ మీది రాతిపలక చూసి, సంఘం కూడా ఆ ఏడాదే పుట్టిందని రాసేశారు. గుడి కట్టడానికి ముందు జనం ఉండరా? 1806లో సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్, అంటే ఇంగ్లీషు సైన్యపు బస వచ్చింది, అక్కడి సెయింట్ జాన్స్ చర్చి 1813లో గానీ రాలేదు. ఫాదర్ డేనియల్ మర్ఫీ ఐర్లాండ్ నుంచి 1839లో వచ్చారు, మరుసటేడు మొదలుపెట్టిన సెయింట్ మేరీస్ క్యాథలిక్ చర్చి పూర్తయ్యేసరికి 1850. ఆ పదేళ్ళూ పూజ ఎక్కడ జరిగింది, ఎవరు వచ్చేవారు? అది వెతుకు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్ కేథడ్రల్‌కైతే 1869లో స్థలం కొంటే, మొదటి పూజ 1875 క్రిస్మస్ ముందురాత్రి.

సావనీర్ అచ్చయ్యాక ఇంకా ఘోరం జరిగింది. బాప్తిస్మాలూ పెళ్ళిళ్ళూ సమాధులూ రాసిన పాత రిజిస్టర్లతో ఇంకేం పని అని గోనెసంచుల్లో కట్టి స్టోర్‌రూమ్‌లో పడేశారు. వానకి తడిసి, చెదలు పట్టి మన్నయిపోయాయి. మీ తాతమ్మ బాప్తిస్మం అందులోనే రాసి ఉండేది, నీకు చూపించడానికి ఇప్పుడేమీ లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం ఆగదు. తెల్ల సిపాయిల పెళ్ళిళ్ళూ సమాధులూ మద్రాసు చాప్లిన్‌లు (సైన్యపు పాస్టర్లు) పంపిన రిటర్న్‌లలో, అంటే నకలు పట్టికల్లో, లండన్ దాకా వెళ్ళి భద్రంగా ఉన్నాయి. మద్రాసు పటాలం వెంట వచ్చిన తమిళులు, వంటవాళ్ళు, ఆయాలు, ఆ తర్వాత చేరిన మన తెలుగువాళ్ళు, వీళ్ళ పేర్లు చాలావరకు ఇక్కడి బీరువాల్లోనే మిగిలాయి. అందుకే ఇంటర్వ్యూలు తర్వాత చేసుకో, ముందు రిజిస్టర్ల ఫొటోలు తియ్యి, ప్రతి పేజీ. క్యాథలిక్ రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటే బెదిరిపోకు, పేర్లూ తేదీలూ చదవొచ్చు.

ఇంకోటి, 1813 నాటి సెయింట్ జాన్స్‌ని మొదటి నుంచీ సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అని రాసేవు సుమా! సి.ఎస్.ఐ. ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. అప్పటిదాకా ఆ చర్చి ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖ. 1879లో వచ్చిన వెస్లియన్ (మెథడిస్టు) మిషన్ వాళ్ళు, వేరువేరు సంఘాలు ఒకటై సి.ఎస్.ఐ. అయిన ఆ ఐక్యతలో కలిశారు, బాప్టిస్టులు కలవలేదు. ఎవరు ముందు, ఎవరు గొప్ప అనే గొడవల్లోకి నిన్ను లాగుతారు, నువ్వు మాత్రం వెళ్ళకు.

పాత సమాధుల దగ్గరికి ఒంటరిగా వెళ్ళావంటే ఊరుకోను. గడ్డిలో పాములుంటాయి, బూట్లేసుకో. బొల్లారం హోలీ ట్రినిటీ చర్చికి వెళ్ళే రోజు చెప్పు, నేనూ వస్తాను, మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే.

మీ పెద్దమ్మ